శకుంతల చేతి నీళ్లబిందె



ఈ మాసము మేము వంటయింటి సంగతులను విడిచి నాటకమును గూర్చి వ్రాయబూనితిమి. ఊరగాయలెక్కడికిని బోవు, వచ్చు మాసమున వానిని గూర్చి ముచ్చటించుకొనవచ్చును.

మా వారు పనిచేయు పాఠశాలలో వార్షికోత్సవమునకై అభిజ్ఞానశాకుంతలములోని ప్రథమాంకమును తేలికమాటలలోనికి గుదించి పిల్లలచే నాడింపవలెనని నిశ్చయించిరి. శకుంతల వేషము మా పొరుగింటి బాలికకు వచ్చినది. పదునాలుగేండ్ల పిల్ల. స్వరము చక్కనిది, జ్ఞాపకశక్తి అంతకంటె చక్కనిది. మూడు దినములలో తన మాటలనే గాక అనసూయా ప్రియంవదల మాటలను సైతము వల్లించెను. అయినను పదుగురి యెదుట నిలిచినంతనే ఆ పిల్ల కొయ్యస్తంభ మగుచుండెను. భుజములు ముందునకు వంగును, చేతులు ప్రక్కల నంటుకొనిపోవును, చూపు నేలను విడువదు.

దీనికి గారణము మాకు దెలియనిది కాదు. రెండేండ్ల క్రిందటి వఱకు ఆ పిల్లయే మా పెరటి జామచెట్టెక్కి కాయలు కోసి యందఱకు బంచిపెట్టెడిది. పిమ్మట ఇంటిలోనివారును వీధిలోనివారును "ఎగరకు, ఒదిగి కూర్చో, ఆ నడకేమిటి" అని దినమునకు బదిమాఱు లనుచు వచ్చిరి. ఒదిగి ఒదిగి పిల్ల తనలోనికి దాను ముడుచుకొనిపోయినది.

ఇంక పదిదినములే యున్నవనగా అచ్చటి యుపాధ్యాయు లొకరు, శకుంతల వేషమును మగపిల్లవాని కిచ్చిన మేలని సూచించిరట. రాత్రి భోజనమువేళ మా వారు ఈ మాట చెప్పినప్పుడు మాకు నవ్వును గోపమును ఒక్కమాఱే వచ్చినవి. ఆడుపిల్లకు ఆడుదానివలె నడచుట రాదట!

ఆ సూచన చేసినవారిని నిందించుటకు మాత్రము మాకు నోరాడలేదు. తెలుగు రంగస్థలమున స్థానం నరసింహారావుగారు (1902-1971) సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా నటించి 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. కూచిపూడి భామాకలాపమున సత్యభామ యనగా వేదాంతం సత్యనారాయణశర్మగారే (1935-2012) యని మొన్న మొన్నటి వఱకు జనులు చెప్పుకొనిరి. వారు చీర కట్టినంతమాత్రమున సత్యభామలైరా? అడుగు పడు తీరు, మెడవంపు, జడను ముందునకు దెచ్చుకొను నొడుపు, ఇవన్నియు నేండ్లకొలది సాధన చేసి దేహమున నిలుపుకొనిరి. మన నడకను జూచి మగవారు విద్యగా నేర్చిరి. మనకో, ఆ నడకయే దాచుకొనదగిన తప్పయ్యెను. ఈ యాలోచనతో ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. పిల్లకు నేర్పుదుమని తెల్లవాఱకుండనే మా వారితో ననివైచితిమి.

తొలుత మేము చేసినది శుద్ధ తెలివితక్కువపని. పిల్లను గూర్చుండబెట్టి, "అమ్మాయీ, నీవు ఆశ్రమకన్యవు. మనస్సున నానందము నింపుకొనుము. రాజును జూడగానే సిగ్గుపడుము" అని బోధించితిమి. పాప మా పిల్ల ఆనందము నింపుకొనబోయి పండ్లు బయటపెట్టెను. సిగ్గు తెచ్చుకొనబోయి మఱింత బిగుసుకొనెను. ఉన్న సిగ్గుతోనే ప్రాణము విసిగిన పిల్లను ఇంకను సిగ్గుపడు మంటిమి గదా!

మా తండ్రిగారు మాకు శాకుంతలమును రాఘవభట్టుని అర్థద్యోతనికా వ్యాఖ్యతో జెప్పిరి. ఆ పుస్తకమును మరల దీసితిమి. శకుంతల చెట్లకు నీరు పోయుట నభినయించునని కవి యొక్క చిన్నమాటతో సరిపెట్టినచోట, వ్యాఖ్యాత అది యెట్లు చేయవలయునో వివరించును. రెండు చేతులను నలినీపద్మకోశముగా, అరచేతులు క్రిందికుండునట్లు పట్టి, భుజము వఱకు నెత్తి, తల వంచి, మేను కొంచెము వంచి పోయవలెనట. తుమ్మెద తఱుముచోట తలను ఇటునటు వడిగా విదల్పవలయును, పెదవి యదరవలయును. పతాకహస్తములు మాత్రము అరచేతులు ముఖమువైపున కుండి కదలక నిలువవలయును. చిన్ననాడు ఇవి మాకు వట్టి కంఠపాఠములు. ఇప్పుడు చదువగా నొక్క సంగతి తట్టినది. ఆనందపడుమనిగాని, భయపడుమనిగాని ఆయన యెచ్చటను జెప్పలేదు. చేయి, తల, మేను, ఇంతే.

భరతుని నాట్యశాస్త్రమును నిట్లే శిరస్సునకు 13 కదలికలను, 36 దృష్టులను లెక్కపెట్టి, గతిప్రచారమను అధ్యాయమున రాజు నడక, ముసలివాని నడక, తప్పద్రాగినవాని నడక వేర్వేఱుగా జెప్పినది. నందికేశ్వరుని అభినయదర్పణము చిన్న గ్రంథము. దానిని ఆనందకుమారస్వామిగారితో గలిసి మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆంగ్లీకరించగా 1917లో అమెరికాలో నచ్చుపడినది. చీరాల పేరాల యుద్యమము నడపిన యాయనయే. ఈ సంగతి చెప్పినప్పు డెల్ల వినువారు మమ్ము నమ్మరు.

మఱునాడు పిల్ల చేతికి నిండు ఇత్తడిబిందె నిచ్చి పెరటిలోని మల్లెపాదులకు నీరు పోయుమంటిమి. భావము, రసము అను మాటలే యెత్తలేదు. మేము మెట్టుమీద గూర్చుండి చూచితిమి. బిందె చంకనుండగా నడుము ఆ ప్రక్కకు జరుగును. దానికి దగినట్లు రెండవ చేయి దూరముగా జాగును, తల ఆ వైపునకే వాలును. పోయునప్పుడు మోకాళ్లు సడలును, ఊపిరి క్షణకాల మాగును. నీరు తఱిగినకొలది భుజములు వానియంతట నవియే లేచును. ఇవన్నియు మేము దినదినము చేయుచుండియు నొకనాడును జూడలేదు. రెండు దినములు పిల్ల అట్లే పోసెను. మల్లెలు కుళ్లిపోవునని మా వారు గొణిగిరి. మూడవనాడు వట్టి బిందె నిచ్చి, నిండుబిందె బరువును మోయుమంటిమి. నాలుగవనాడు బిందెయు లేదు.

పిల్లకు బామ్మగారున్నారు. ఆమెకు ఈ నాటకము సుతరాము గిట్టదు. అయినను ప్రతిదినము పిట్టగోడ చెంత నిలిచి చూచుచునే యుండిరి. నాలుగవనాడు పట్టలేక, "అదేం నీళ్లు పొయ్యడమే! పైట దోపుకోకుండా బిందె ఎత్తుతారుటే ఎవరైనా?" అని కేక పెట్టిరి. మేము "బామ్మగారూ, మీరే వచ్చి చూపించండి" అంటిమి. "నేనా? నాకేం పని!" అనుచునే వచ్చిరి. కొంగు బిగించి బొడ్డున దోపి, ఎడమచేత కుచ్చెళ్లను కొంచెముగా బైకి దిగిచి, కాలు ముందునకు వేసి, లేని బిందెను మోకాటిమీదికి, మోకాటినుండి చంకలోనికి దెచ్చిరి. డెబ్బదియేండ్ల మేను! మేము మాటలేక చూచితిమి. ఆశ్రమకన్య నారచీరకు కొంగుండునా యని యడుగవలెనని నాలుక చివరి వఱకు వచ్చినది గాని యూరకుంటిమి.

పిల్ల బామ్మగారివలెనే పైట బిగించి దోపుకొనెను. అప్పుడు మాకు గనబడినది: దోపినపైటను చేత బట్టుకొని కాపాడుకొన నక్కఱలేదు. చేతులకు సెలవు దొరకినది. ముడుచుకొన్న భుజములు వెనుకకు బోయినవి. మే మెంత చెప్పినను గాని పని పిడికెడు గుడ్డ చేసినది.

తుమ్మెద యెదుట తొలుత పిల్ల రెండుచేతులను విసరుచు దోమలను దోలినట్లు చేసెను. వ్యాఖ్యాత చెప్పినట్లు అరచేతులను ముఖమునకు గాపుగా నిలిపి, తలను మాత్రము విదల్పుమంటిమి. నాలుగుమాఱులు చేయగా ఐదవమాఱు పిల్ల కెవ్వుమని యరచెను. మేము దిగ్గున లేచితిమి. "ఏమీ లేదత్తయ్యగారూ, నిజంగా భయమేసింది" అని నవ్వెను. కదలని చేతుల వెనుక కదలు ముఖము తప్పించుకొన దారిలేని ముఖమగును గాబోలు. భయము అందుండియే పుట్టినది.

మా వారు విని, రష్యాదేశమున 1898లో మాస్కో ఆర్ట్ థియేటరును స్థాపించిన యిరువురిలో నొకడగు స్తానిస్లావ్‌స్కీ ఇట్టి మార్గమునకే వచ్చెననిరి. పూర్వము నటుడు తన జ్ఞాపకములను దవ్వి భావమును దెచ్చుకొనవలెనని బోధించిన యాయన, 1938లో గన్నుమూయుటకు ముందటి యేండ్లలో, దేహముతో జేయు పనులనుండి పాత్రను గట్టు పద్ధతిలో గృషి చేసెను. ఆయనవద్ద నేర్చిన మైకేల్ చెకోవ్ 1953లో ప్రకటించిన గ్రంథమున మఱియొక చిట్కా కలదు. పాత్ర యొక్క కోరికనంతను ఒక్క పెద్ద విన్యాసములో బెట్టి ఏకాంతమున సాధన చేసి, రంగముమీద దానిని లోపల నుంచుకొనవలెనట. మాకిది నచ్చినది. శకుంతల కోరిక యేమి? వెళ్లవలెను, వెళ్లరాదు. పిల్ల పాదములను ఇంటివైపునకు బెట్టి, ఱొమ్మును రాజు వైపునకు ద్రిప్పి, చేతులు రెండు దిక్కులకు జాచి, నొప్పి పుట్టువఱకు నిలిచెను.

అది యంకాంతమున నక్కఱకు వచ్చినది. శకుంతల వెడలుచు ఏదో నెపమున దడయును. పాదమున దర్భ గ్రుచ్చుకొన్నదని ఆగినట్లును, కొమ్మకు దగులుకొనని నారచీరను విడిపించుకొన్నట్లును రాజు రెండవ యంకమున విదూషకునితో జెప్పును. మేము దానిని ఇచ్చటనే చూపదలచితిమి. "అత్తయ్యగారూ, ముల్లు నిజంగా గుచ్చుకున్నట్టు చెయ్యాలా, అబద్ధమాడినట్టు చెయ్యాలా?" అని పిల్ల యడిగెను. ఇది మేమెన్నడు నాలోచింపని ప్రశ్న. ఇరువురమును బెరటిలో చెప్పులు లేక నడచి చూచితిమి. నిజముగా గ్రుచ్చుకొన్నచో బరువు ముందు ఆ పాదమును విడుచును, పిమ్మట చూపు క్రిందికి బోవును. నటనయైనచో చూపు ముందు వెనుకకు బోవును, పిమ్మట పాదము లేచును. భేద మింతే, అరనిమిషమైన లేదు. పిల్ల దానిని దినమంతయు సాధన చేసెను.

వేషము ఆ పిల్లకే నిలిచినది. వార్షికోత్సవమునాడు నడుమ నొక మాట మఱచి తడబడెను. అనసూయ అందుకొని సర్దినది. కడపట వెనుకకు జూచి, తరువాత పాదమెత్తినప్పుడు స్త్రీలు కూర్చున్న వైపున ముందుగా నవ్వు పుట్టినది. మగవారివైపు చేరుట కించుక యాలస్యమైనది.

ఆ రాత్రి బామ్మగారు మా గడప దాటివచ్చి కూర్చుండిరి. నాటకమును గూర్చి బాగుగా నున్నదని గాని లేదని గాని యనలేదు. కొంత తడవునకు, "బిందె దించేటప్పుడు చుట్టకుదురు కాలితో సర్దుకోవాలి. అది మరిచిపోయింది" అనిరి. ప్రక్కనే నిలిచిన పిల్ల పాదము చాచి, లేని చుట్టకుదురును మెల్లగా దగ్గఱకు జరుపుకొనెను.