ఫిన్లాండ్: బోర్డు మీద రెండు పేర్లు.. పది కుటుంబాలు వెళ్లిపోతే రెండో పేరుకు గండమే!

ఊరి బోర్డు మీద రెండు పేర్లు. పైన ఫిన్నిష్‌లో మిర్స్కిలా. కింద స్వీడిష్‌లో మోర్స్కోమ్. ఊరు ఒకటే. 1972, 1976 ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన లాసే విరెన్ సొంతూరు ఇదే. జనాభా 2 వేలు కూడా లేదు. అందులో స్వీడిష్ మాట్లాడేవాళ్లు పదో వంతు కంటే తక్కువే. మరి ఆ రెండో పేరు ఎన్నాళ్లు ఉంటుంది? అది తేల్చేది సెంటిమెంట్ కాదు, లెక్క.

లెక్క ఏంటంటే..

ఫిన్లాండ్ శతాబ్దాల పాటు స్వీడన్ పాలనలో ఉంది. 1809లో ఆ పాలన పోయినా భాష మిగిలింది. ఇప్పుడు దేశంలో స్వీడిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 5 శాతం. అయినా రాజ్యాంగం ప్రకారం ఫిన్నిష్, స్వీడిష్ రెండూ జాతీయ భాషలే. తెలుగు, హిందీల్లాగే ఇవి కూడా వేర్వేరు కుటుంబాల భాషలు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది అర్థం కాదు.

2004లో అమల్లోకి వచ్చిన భాషా చట్టం ప్రకారం.. ఒక మున్సిపాలిటీలో తక్కువ సంఖ్యలో ఉన్న భాషవాళ్లు 8 శాతం లేదా 3 వేల మంది ఉంటే అది ద్విభాషా మున్సిపాలిటీ. ఒకసారి హోదా వచ్చాక 6 శాతం కంటే దిగువకు పడిపోతే తప్ప పోదు. పదేళ్లకోసారి ప్రభుత్వం ఈ జాబితా ఖరారు చేస్తుంది. ఇప్పటి జాబితా 2032 వరకు.

పట్నంలో ఒక శాతం అంటే వేల మంది. 2 వేల మంది ఉన్న ఊళ్లో ఒక శాతం అంటే 20 మందే! నలుగురేసి ఉన్న పది కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలిపోతే 2 శాతం పోయినట్టే. అంటే 8 నుంచి 6కి వచ్చేసినట్టే.

హోదా పోతే ఏమవుతుంది?

బోర్డు ఒక్కటే కాదు. ద్విభాషా మున్సిపాలిటీలో పిల్లల డే కేర్, స్కూలు రెండు భాషల్లోనూ ఉండాలి. కౌన్సిల్ సమావేశాల నోటీసులు, మినిట్స్ కూడా అంతే. ఆఫీసులో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడొచ్చు. వైద్య సేవలు 2023 నుంచి ప్రాంతీయ సంస్థల చేతికి వెళ్లాయి. కాబట్టి ఊరి చేతిలో మిగిలిన పెద్ద విషయం స్కూలే.

అసలు చిక్కు కూడా అక్కడే. సొంత భాషలో స్కూలు లేని ఊళ్లో చిన్నపిల్లలున్న కుటుంబం ఎందుకు ఉంటుంది? హోదా పోతే సేవలు తగ్గుతాయి. సేవలు తగ్గితే మనుషులు తగ్గుతారు. ఒకసారి దిగితే మళ్లీ 8 శాతానికి ఎక్కాలి.. అది దాదాపు కుదరని పని.

ఇంట్లోనే తేలే ఓటు

ఇంకో మెలిక ఉంది. లెక్క తీసేది జనాభా రిజిస్టర్ నుంచి. అందులో ఒక్కొక్కరికీ ఒకే మాతృభాష రాయాలి. తల్లిది స్వీడిష్, తండ్రిది ఫిన్నిష్ అయితే? బిడ్డ రెండూ మాట్లాడినా రిజిస్టర్‌లో ఒకటే. చిన్న ఊళ్లో ఆ ఒక్క ఎంట్రీ కూడా లెక్కలోకి వస్తుంది.

మరి ఖర్చు మాటేంటి?

పన్ను కట్టేవాళ్లు తగ్గుతున్న చిన్న ఊరికి రెండు భాషల్లో సేవలంటే భారమే. అనువాదాలు కావాలి, టీచర్లు కావాలి. ఆ వాదనను కొట్టిపారేయలేం. అందుకే చట్టం ఓ తలుపు తెరిచి పెట్టింది. శాతం పడిపోయినా కౌన్సిల్ కోరితే ప్రభుత్వం హోదా కొనసాగించొచ్చు. హెల్సింకీకి పశ్చిమాన ఉన్న లోహ్యా పట్టణం అలాగే చేసింది. అక్కడ స్వీడిష్ వాళ్లు 6 శాతం లేకపోయినా ద్విభాషా హోదా కొనసాగుతోంది.

అంటే చివరికి నిర్ణయం ఫిన్నిష్ మాట్లాడే మెజారిటీ చేతిలోనే ఉంటుంది. పక్కింటివాళ్ల భాష కోసం తమ పన్ను డబ్బు ఖర్చు పెడతారా లేదా? మిర్స్కిలా లాంటి ఊళ్లకు 2032 లోపు అసలు పరీక్ష అదే.