రక్తం దొరికింది.. గుండెను సూసినోళ్లేరీ?

మా అక్క కొడుక్కు పదిహేడేండ్లు. తలసేమియా మేజర్. పదిహేను రోజులకోసారి రక్తం ఎక్కాలె. ఒక్క వాట్సాప్ మెసేజ్ పెడితే మా ఊరి పోరగాండ్లం బైకులేసుకొని పోయి రక్తం ఇస్తం, ఫొటో దిగుతం, స్టేటస్ పెడుతం. మొన్నటిదాక గింతే పని అనుకున్న.

పోయిన ఎండాకాలం వాడు మెట్లెక్కలేక ఆయాసపడ్డడు. రక్తం తక్కువైందేమో అనుకున్నం. కాదట. గుండెల ఇనుము పేరుకున్నదట.

లెక్క సూడుండ్రి. ఒక రక్తం సంచిల 200 మిల్లీగ్రాముల దాక ఇనుము ఉంటది. నెలకు రెండు సంచులంటే ఏడాదికి 5 గ్రాముల దగ్గరికొస్తది. మంచిగున్న మనిషి ఒంట్లె మొత్తం కలిపినా ఉండేది 3, 4 గ్రాములే. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. అది కాలేయంల, గ్రంథులల్ల, ఆఖరికి గుండె కండరంల కూసుంటది. రక్తం సక్కగ అందిన తలసేమియా పిల్లలల్ల గూడ ఎక్కువ ప్రాణాలు తీసింది గీ గుండె జబ్బే. (ఊర్ల రక్తం తక్కువుందంటె సాలు, ఐరన్ టానిక్ తాగిపిస్తరు. వీళ్లకు డాక్టర్ చెప్పకుండ అది అస్సలు ఇయ్యొద్దు.)

ఇనుమును బయటికి తీసే మందులున్నయ్. డెస్‌ఫెరాల్ సూదిని చిన్న పంపుతోని రాత్రంత చర్మం కింద ఎక్కియ్యాలె, వారంల అయిదారు రోజులు. డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ గోలీలొచ్చినంక ఆ తిప్పలు తగ్గింది. మావోడేమో ఇంటర్‌కొచ్చినంక గోలీలు పక్కకు పెట్టిండు. "మంచిగనే ఉన్న కదా మామా" అన్నడు. గదే మోసం. ఇనుము నిండేటప్పుడు నొప్పుండది. ఆయాసమొచ్చేనాటికి శానా దూరం పోయి ఉంటది.

ఫెర్రిటిన్ పరీక్ష ఒక్కటే సూసి మేం ధైర్యంగున్నం. ఫెర్రిటిన్ తక్కువున్నా గుండెల ఇనుము ఉండొచ్చని మాకెవ్వరు చెప్పలే. దాన్ని పట్టేది టీ2 స్టార్ ఎంఆర్ఐ. 20 మిల్లీసెకన్ల పైనొస్తె నిమ్మలం. 10 కంటె దిగితె గుండె ఫెయిలయ్యే ముప్పు బాగ ఎక్కువ. బ్రిటన్‌ల ఈ స్కాన్ సూసి మందులు మార్సుడు మొదలైనంక, 2000 తర్వాత, తలసేమియా సావులు శానా తగ్గినయ్. మేం తిరిగిన దవాఖానల్ల ఆ స్కాన్ పేరే ఎవలికి ఎరుక లేదు. హైదరాబాద్ పోవాల్సొచ్చింది.

2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంల తలసేమియాను చేర్చిండ్రు. 2023ల సికిల్ సెల్ మిషన్ మొదలువెట్టి గిరిజన గూడేలల్ల పరీక్షలు చేస్తున్నరు. మంచిదే. పెండ్లికి ముందు పరీక్ష గూడ కావాలె, అమ్మనాయిన ఇద్దరూ క్యారియర్లయితె ప్రతి కాన్పుల నాలుగింట ఒక వంతు ముప్పు. కని ఇప్పటికే పుట్టి, మనతోని బడికి, కాలేజీకి వస్తున్నోళ్ల గుండె సంగతేంది? రక్తం ఎక్కించే ప్రతి కాడ గోలీలు ఫ్రీగ, నడుమ ఆగకుండ దొరకాలె. పదేండ్లు దాటినోళ్లకు ఏడాదికోసారి గుండె స్కాన్ సర్కారే చేయించాలె. శిబిరానికి రిబ్బన్ కట్ జేయనీకి వచ్చే లీడర్లను నేను అడగదల్సుకున్నది గిదే.

మావోనికి 9 వచ్చింది. ఇప్పుడు సూది, గోలీ రెండూ నడుస్తున్నయ్. ఆర్నెల్లకు మళ్లా స్కాన్. రాత్రి పంపు పెట్టుకున్నడో లేదో రోజూ ఫోన్ జేసి అడుగుతున్న. వానికి కోపమొస్తది, అయినా అడుగుతున్న.