అమెరికా కొయ్య ఇల్లు మన మామిడి తోపులో నిలుస్తుందా?



ఈమధ్య మన తట్టు తోపుల్లో ఒక కొత్త మాట తిరగతా ఉండాది. రెడీమేడ్ కొయ్య ఇల్లు. గోడలు లారీలో తెచ్చి, నాలుగు రోజుల్లో నిలబెట్టి, తాళం చేతికిచ్చి పోతారంట. ఫోన్ తెరిస్తే చాలు, పచ్చగడ్డి మధ్యన నున్నగా మెరిసే ఇల్లు, ముందర వరండా, లోపల మంచం. అమెరికాలో ఉండే పిల్లోళ్ళు కూడా "నాయనా, మేముండేది కొయ్య ఇంట్లోనే, ఎప్పుడో కట్టింది, ఇంకా గట్టిగా ఉండాది, మన తోపులో ఒకటి వేద్దాం" అంటా ఉండారు. నన్ను అడిగినోళ్ళు ముగ్గురు నలుగురు ఉండారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఈడ రాస్తా ఉండా. పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కాపలాకు రాత్రిపూట పండుకోడానికి మాత్రమే అయితే తేలిక గోడల ఇల్లు తప్పేం కాదు, పైకప్పు బాగుంటే. పెండ్లాం బిడ్డలతో పగలూ రాత్రీ కాపురం ఉండాలంటే మాత్రం ఆ డబ్బు దాంట్లో పెట్టొద్దు. ఎందుకో చెప్తా.

అమెరికాలో కొయ్య ఇల్లు అంటే గోడంతా కొయ్య అనుకుంటాం మనం. కాదు. 16 అంగుళాలకు ఒకటి చొప్పున సన్నని కొయ్య నిలువులు పెడతారు. బయట ప్లైవుడ్ లాంటి చెక్క, లోపల అర అంగుళం జిప్సం బోర్డు. ఆ రెండిటి నడుమ ఖాళీలో గాజునార దూది కూరుతారు. ఇంటిని కాపాడేది కొయ్య కాదు, ఆ దూది. దాంట్లో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనీదు. ఇంకో రకం, రెండు చెక్కల మధ్య నురుగు అతికించి ఫ్యాక్టరీలోనే ముక్కలుగా చేసి తెచ్చేది. మూడోది మొద్దులు పేర్చి కట్టేది. చూడ్డానికి అదే గట్టిగా కనపడుతుంది కానీ, చలిని ఆపడంలో 6 అంగుళాల మొద్దు గోడ కంటే మూడున్నర అంగుళాల దూది గోడే మేలు.

లెక్క సులువుగా చెప్తా. ఒక అంగుళం థర్మోకోల్ ఆపినంత వేడిని ఆపాలంటే కొయ్య అయితే సుమారు 4 అంగుళాలు కావాల. ఇటుక గోడ అయితే సుమారు 20 అంగుళాలు కావాల. ఈ లెక్క చూపించే అమ్మేవాళ్ళు "మీ ఇటుక గోడ దండగ సార్" అంటారు. లెక్క తప్పు కాదు. అయితే అది సగం లెక్కే.

మిగిలిన సగం ఏందంటే, బరువైన గోడ వేడిని ఆపదు, దాచిపెట్టుకుంటుంది. మన తాతలు కట్టిన అడుగున్నర మట్టి గోడ గుర్తు చేసుకోండి. పొద్దున పట్టిన ఎండ లోపలి పక్కకు చేరేసరికి పొద్దు కుంకుతుంది. అప్పటికి మనం మంచం వాకిట్లో వేసుకొని ఉంటాం. తెల్లారేసరికి గోడ మళ్ళీ చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో అడుగుపెడితే కుండలో నీళ్ళ మాదిరి చల్లగుండేది అందుకే. తేలిక గోడకు దాచుకునే శక్తి లేదు. వాకిలి తెరిచినప్పుడు, కిటికీలోంచి, పైకప్పులోంచి వచ్చిన వేడితో లోపలి గాలి గబుక్కున కాగిపోతుంది. ఏసీ వేస్తే గబుక్కున చల్లబడుతుంది, ఆపితే మళ్ళీ మామూలే.

దీంట్లోనే ఒక మంచి కూడా ఉండాది, అదీ చెప్పాల. సందకాడ గాలి చల్లబడితే తేలిక ఇల్లు కూడా వెంటనే చల్లబడుతుంది. సిమెంటు స్లాబు ఇల్లు అట్లా కాదు, మే నెలలో రాత్రి పన్నెండు దాకా పెనం మాదిరి వేడి కక్కతానే ఉంటుంది. రాత్రి కాపలాకు తేలిక గోడ పరవాలేదని నేనన్నది ఇందుకే.

ఇంక వెచ్చదనం సంగతి. అక్కడ ఇల్లు కొనేవాళ్ళు గోడ తర్వాత అడిగేది చలికాలం ఇంటిని ఎట్లా కాగబెడతారని. గ్యాసు ఫర్నేసు పెట్టి గొట్టాల గుండా వేడిగాలి గదులకు పంపుతారు. కొందరికి గోడ వారన కరెంటు హీటర్లు, ఒక యూనిట్ కాలిస్తే ఒక యూనిట్ వేడే వస్తుంది, బిల్లు మండిపోతుంది. హీట్ పంప్ అని ఇంకోటుంది, అది మన ఏసీని తిరగేసినట్టు. బయటి గాలిలో ఉండే వేడినే లోపలికి లాగుతుంది కాబట్టి ఒక యూనిట్‌కు రెండున్నర, మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కట్టెల పొయ్యి కూడా ఉంటుంది, పొగగొట్టంతో. నెలల తరబడి మంచు కురిసే ఊరికి ఇదంతా అవసరం. దూది గోడకు విలువ వచ్చేది కూడా అక్కడే, ఖర్చు పెట్టి పుట్టించిన వేడి బయటికి పోకుండా.

మనకు? మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పక్క డిసెంబరు, జనవరి నెలల్లో చలి నిజమే. హార్స్లీ కొండ మీద ఇంకా ఎక్కువ, 4,000 అడుగుల పైచిలుకు ఎత్తు అది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఎండలు తట్టుకోలేక ఆడ ఇల్లు కట్టుకున్నాడు, అందుకే ఏనుగు మల్లమ్మ కొండకు ఆయన పేరు పడింది. ఆ దొర కూడా చల్లదనం వెతుక్కుంటా పోయినోడే కానీ వెచ్చదనం కోసం కాదు. మనకుండే ఆ కొన్ని వారాల చలికి ఒక రగ్గు, మూసిన కిటికీ చాలు. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి పక్క అయితే ఆ మాటే అక్కర్లేదు.

ఈడ ఒక ప్రాణం మీది సంగతి ఉండాది, దయచేసి దాటేసి పోవద్దండి. పాత పెంకుటింట్లో కుంపటి పెట్టుకున్నా పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఈ ప్యానెల్ ఇండ్లు డబ్బా మాదిరి బిగించి ఉంటాయి. చలికి తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే పోతారు. ఉత్తరాదిన ప్రతి చలికాలం ఇట్లాంటి చావులు పేపర్లో వస్తానే ఉంటాయి. కాపలా మనిషిని పెట్టుకున్న వాళ్ళు ఆ మనిషికి ఈ మాట తప్పకుండా చెప్పండి. ఇంకోటి, ప్యానెల్‌లో ఉండే నురుగు నిప్పంటుకుంటే నల్లని విషపు పొగ వదులుతుంది. లోపల కట్టెల పొయ్యి వద్దే వద్దు. రాక్‌వూల్ అనే రాతినార నింపిన ప్యానెల్ కాలదు, కొంచెం బరువు, కొంచెం ధర ఎక్కువ. కొనాలనుకుంటే అది అడగండి.

అక్కడి నమూనా ఈడికి తెచ్చినప్పుడు ఎవరూ చెప్పని తిరకాసు ఒకటుంది. చలిదేశంలో తేమ ఇంట్లో నుంచి గోడలోకి పోతుంది, కాబట్టి లోపలి పక్క ప్లాస్టిక్ పొర వేస్తారు. మనది వేడిదేశం. ఏసీ వేసిన గదిలో లోపల చల్లగా, బయట ఉక్కగా ఉంటుంది. తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. అదే పొరను లోపలి పక్క వేస్తే తేమ ఆడ ఆగి నీరు కడుతుంది. దూది తడుస్తుంది, కొయ్య బూజు పడుతుంది, తర్వాత వచ్చేది ఎవరో మీకు తెలుసు. చెదపురుగు.

చెదలకు మందు పట్టించిన కొయ్య లేకుండా కొయ్య ఇల్లు మన ఎర్రనేలలో వేయకూడదు. పైపైన పూసింది కాదు, ఒత్తిడితో లోపలికి ఎక్కించింది. అది కూడా నేలకు తగలకుండా రెండడుగుల రాతి కంబాల మీద నిలబెట్టాల, చెద మట్టి గూడు కడితే కంటికి కనపడేటట్టు. మన పెద్దోళ్ళు కొయ్యను దూలాలకు, వాసాలకు, తలుపులకు వాడినారు కానీ గోడకు వాడలేదు. చంద్రగిరి కోటలో రాజమహల్ చూసుంటారు గదా. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టినారు, కొయ్యే వాడలేదంటారు. ఇప్పటికీ నిలబడే ఉండాది. హిమాచల్‌లో రాయి ఒక వరస, కొయ్య ఒక వరస పెట్టి కడతారు, ఆ చలికి, ఆ దేవదారుకి అది సరి. ఎవరి నేలకు తగ్గట్టు వాళ్ళు కట్టుకున్నారు.

మన పొలంలో చెట్టు కొట్టి మనమే కొయ్య తయారు చేసుకుందామనే వాళ్ళకు ఒక మాట. వాల్టా చట్టం ప్రకారం అనుమతి అడగాల్సి ఉంటుంది, ముందే ఆఫీసులో కనుక్కోండి.

పలమనేరు, కుప్పం, వి.కోట పక్క వాళ్ళకు ఇంకో సంగతి. కౌండిన్య అడవి ఏనుగులు చేలోకి వస్తే రెండంగుళాల ప్యానెల్ గోడ అడ్డమవుతుందని నమ్మి లోపల నిద్రపోవద్దు. దానికి అది అట్టపెట్టె. గాలివానకు కూడా తేలిక ఇల్లు భయమే. ఏప్రిల్, మే నెలల్లో కాయలు రాలగొట్టే గాలి మనకు తెలియంది కాదు, ఇంటిని పునాదికి బోల్టులతో బిగించకపోతే కప్పు పక్క చేనులో వెతుక్కోవాల.

గోడ గురించే ఇంతసేపు మాట్లాడినాం కానీ, మన ఎండకు అసలు శత్రువు పైకప్పు. ఏప్రిల్ చివరి వారం, మళ్ళీ ఆగస్టు మూడో వారం, మధ్యాహ్నం సూర్యుడు తిరుపతికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండ గోడ మీద కాదు, కప్పు మీద పడుతుంది. తర్వాత పడమటి గోడ. అందుకే ఏ ఇల్లయినా ముందు కప్పు అడగండి. ఒట్టి రేకు అయితే వద్దనేయండి. రేకు కింద ఖాళీ, ఆ కింద సీలింగు, గాలి పోయే దోవ, చుట్టూ మూడడుగుల చూరు ఉండాల. పైన తెల్ల సున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. తెలంగాణలో దీనికోసమే 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినారు. పడమటి పక్క ఒక వేపచెట్టు ఉంటే ఏ నురుగూ దానికి సాటి రాదు.

కాపురానికి ఏం కట్టాలని అడుగుతారు. మట్టి గోడ మంచిదే కానీ 2021 నవంబరు వానలు చూసినాం గదా, నాని నాని కూలిపోయినాయి. ఎత్తు పునాది, పెద్ద చూరు లేకుండా ఒట్టి మట్టి వద్దు. దానికి బదులు సిమెంటు కలిపిన మట్టి దిమ్మెలు ఉండాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో పెట్టిన అస్త్ర విభాగం వాళ్ళు దీని మీద చానా పని చేసినారు. మన ఎర్రమట్టి, ఇసుక, నూటికి 5 నుంచి 8 పాళ్ళు సిమెంటు, చేత్తో ఒత్తే మిషను. కాల్చే పని లేదు, రెండు మూడు వారాలు నీళ్ళు పెడితే చాలు. నల్లరేగడి మాత్రం పనికిరాదు. ఇటుకే కావాలంటే కేరళలో లారీ బేకర్ గారు వాడుకలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి అడగండి. ఇటుకను నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కడతారు, ఇటుకలు పావు వంతు మిగులుతాయి, ఆ ఖాళీ గాలి వేడిని కొంత ఆపుతుంది. వంకర ఇటుకలతో కుదరదు, కొలత సమంగా ఉండాల, మేస్త్రీకి ఓపిక ఉండాల.

డబ్బు సంగతి. రెడీమేడ్ ఇల్లు ఒకటి 4 లక్షలు అనుకుందాం. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కలిపి కిలో 12 అని చెప్పినారు. చేతికి ఎంత వచ్చిందో మీకే తెలుసు. ఆ 12 పూర్తిగా వచ్చిందనుకున్నా ఈ ఇల్లు 33 టన్నుల కాయ. కోత కూలి, బాడుగ తీయకముందు. దీనికి తోడు ఏసీ లేకపోతే పగలు ఉండలేని ఇల్లు అయితే కరెంటు. మోటారుకు పగటిపూట ఇచ్చే ఉచిత కరెంటు ఇంటికి వాడకూడదు, వేరే మీటరు, స్తంభాలు, తీగ ఖర్చు మనదే. తిరుమల యాత్రికులకు బాడుగకిస్తే తిరిగొచ్చేస్తుందని చెప్పేవాళ్ళను, ఆ పని ఇప్పటికే చేస్తా ఉండే తోపు ఒకటి మే నెల మధ్యాహ్నం చూపించమనండి.

అయినా కొంటామనే వాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు గోడ ముక్క ఒకటి కోసి చూపించమని అడగండి. లోపల నురుగా, రాతినారా, ఎన్ని అంగుళాలు, రేకు మందం ఎంత, కొయ్యకు మందు ఎక్కించినారా, చెదలకు ఎన్నేండ్ల హామీ. నోటి మాట కాదు, బిల్లు మీద రాయించుకోండి. ఇట్లాంటి ఇల్లు వేసుకొని రెండు ఎండాకాలాలు గడిపిన వాళ్ళెవరైనా ఉంటే మధ్యాహ్నం లోపల ఎట్లుందో, కప్పు దేంతో వేసినారో కింద రాయండి. మట్టి దిమ్మెల మిషను బాడుగకు ఇచ్చేవాళ్ళు మన పక్క యాడ ఉండారో తెలిసినా చెప్పండి, ముగ్గురు అడగతా ఉండారు.