సైలెన్సర్‌ పోయినా బోల్టు పోదు

‘ఈవీలు వచ్చేస్తున్నాయి కదా, ఇక ఇంజిన్లు, సైలెన్సర్ల గురించి చదివి ఏం లాభం?’ మెకానికల్‌, ఆటోమొబైల్‌ బ్రాంచిల విద్యార్థుల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మాట ఇది. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలామంది కోర్‌ సబ్జెక్టుల పుస్తకాలు అటకెక్కించి కోడింగ్‌ కోర్సుల్లో చేరిపోతున్నారు. కోడింగ్‌ నేర్చుకోవడం తప్పేమీ కాదు. నాకు అదే అన్నం పెడుతోంది కూడా. కానీ ఆ ప్రశ్న వెనకున్న లెక్కలో తేడా ఉంది. అదేంటో చూడటానికి, కారులో అందరూ చిన్నచూపు చూసే వస్తువునే తీసుకుందాం. సైలెన్సర్‌ బోల్టు.

దానికి ముందు సైలెన్సరే లేని బండి కథ ఒకటి. 2022 అక్టోబరులో అమెరికా ఈవీ కంపెనీ రివియన్‌ 12,212 వాహనాలను రీకాల్‌ చేసింది. అప్పటివరకు కస్టమర్ల చేతికి వెళ్లిన బండ్లు దాదాపు అన్నీ అందులోకే వచ్చాయి. సమస్య బ్యాటరీలో లేదు, సాఫ్ట్‌వేర్‌లో లేదు. ముందు చక్రం దగ్గర అప్పర్‌ కంట్రోల్‌ ఆర్మ్‌నీ స్టీరింగ్‌ నకిల్‌నీ కలిపే ఒక ఫాస్టెనర్‌ను కొన్ని బండ్లలో సరిపడా టార్క్‌తో బిగించి ఉండకపోవచ్చని అనుమానం. అదే జరిగితే చక్రం అలైన్‌మెంట్‌ తప్పుతుంది, మరీ ముదిరితే స్టీరింగ్‌ మీద పట్టే పోతుంది. లోపం నిజంగా ఉండేది 1 శాతం బండ్లలోనేనని కంపెనీ అంచనా. అయినా అన్నింటినీ వెనక్కి పిలిచింది. ఒక బోల్టును ఎంత బిగించాలి, అంతే బిగించామని రుజువేంటి అన్నది ఈవీల కాలంలో కూడా కంపెనీల నిద్ర చెడగొట్టే ప్రశ్నే.

ఇప్పుడు సైలెన్సర్‌ దగ్గరికి వద్దాం. ఈ ప్రశ్నను అంతకంటే బాగా నేర్పే చోటు కారులో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మనం బోల్టును తిప్పేది దాన్ని తిప్పడం కోసం కాదు, సాగదీయడం కోసం. బోల్టు కూడా స్ప్రింగ్‌ లాంటిదే. బిగిస్తే కొద్దిగా సాగుతుంది, మళ్లీ కుదించుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే రెండు భాగాలను నొక్కి పట్టుకుంటుంది. మనక్కావలసింది ఆ నొక్కుడు బలం. టార్క్‌ రెంచ్‌ కొలిచేది మాత్రం మనం తిప్పిన బలాన్ని. ఈ రెండింటి మధ్య రాపిడి కూర్చుని ఉంటుంది. మనం పెట్టిన శ్రమలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. మరో 40 శాతం థ్రెడ్ల రాపిడి తినేస్తుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది అటూఇటూగా 10 శాతం. అందుకే మంచి టార్క్‌ రెంచ్‌తో ఒకే నంబరు పెట్టి బిగించినా, ఒక్కో బోల్టులో నొక్కుడు బలం 25 నుంచి 30 శాతం వరకు తేడాగా రావచ్చు.

ఒక లెక్క వేసుకోండి. 8.8 గ్రేడు ఎం8 బోల్టును పొడిగా 25 న్యూటన్‌ మీటర్లకు బిగించాం. టార్క్‌ అంటే నట్‌ ఫ్యాక్టరు, వ్యాసం, బోల్టు లాగుడు బలం, ఈ మూడింటి లబ్ధం. డిజైన్‌ పుస్తకాల్లో ఉండే సూత్రమే ఇది. పొడి బోల్టుకు నట్‌ ఫ్యాక్టరు 0.2 తీసుకుంటే లాగుడు బలం సుమారు 15.6 కిలో న్యూటన్లు. అంటే చిటికెన వేలంత బోల్టుకు రెండు ఆల్టో కార్లు వేలాడదీసినట్టు. ఇప్పుడు ‘రేపు తుప్పు పట్టకుండా’ అని మెకానిక్‌ థ్రెడ్లకు కాస్త యాంటీ సీజ్‌ గ్రీజు రాశాడు, నంబరు మాత్రం మార్చలేదు. ఫ్యాక్టరు 0.15కు పడిపోయిందనుకుంటే లాగుడు బలం 20.8 కిలో న్యూటన్లకు చేరుతుంది. ఈ బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే హద్దు 21.2 దగ్గర. మరో అర అంగుళం చెయ్యి జారితే హద్దు దాటినట్టే. రెంచ్‌ చూపించింది రెండుసార్లూ 25 మాత్రమే. మాన్యువల్‌లో ‘డ్రై టార్క్‌’ అని రాసి ఉంటే ఆ ‘డ్రై’ అన్న మాట నంబరు కంటే ముఖ్యం.

ఇది మామూలు చోట సంగతి. సైలెన్సర్‌ లైనులో దీనికి వేడి తోడవుతుంది. పెట్రోలు ఇంజిన్‌ నుంచి బయటికొచ్చే పొగ మానిఫోల్డ్‌ దగ్గర 700 నుంచి 900 డిగ్రీలు ఉంటుంది. మానిఫోల్డ్‌ పోత ఇనుముదైతే, దాన్ని బిగించే ఇంజిన్‌ హెడ్‌ అల్యూమినియంది. 400 మిల్లీమీటర్ల మానిఫోల్డ్‌ 600 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పొడుగు పెరుగుతుంది. నీళ్లతో చల్లబడే హెడ్‌ 80 డిగ్రీలే పెరుగుతుంది కాబట్టి, అల్యూమినియం ఇనుముకు రెండింతలు వ్యాకోచించేదే అయినా అది పెరిగేది ముప్పావు మిల్లీమీటరే. మిగతా దాదాపు రెండు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? జారాలి. అందుకే చివర్లలో రంధ్రాలు కాస్త పెద్దవిగా, కోలగా చేస్తారు. బోల్టుల్ని మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు, రెండు మూడు విడతల్లో బిగించమంటారు. ‘గట్టిగా ఉంటేనే మంచిది’ అని చివరి బోల్టును మనిషంతా వేలాడి బిగిస్తే, మానిఫోల్డ్‌ జారలేక ఆ బోల్టునే వంచుతుంది. పాత ఇంజిన్లలో చివరి స్టడ్లే ఎక్కువగా విరగడానికి ఇదే ముఖ్య కారణం. వదులుగా బిగించడం ఒక్కటే తప్పు అనుకునేవాళ్లకు ఇది కొరుకుడు పడదు.

ఇంకొంచెం కిందికి వెళ్తే, చాలా కార్లలో ఒక ఫ్లాంజ్‌ దగ్గర రెండు స్ప్రింగ్‌ బోల్టులు కనిపిస్తాయి. ఇంజిన్‌ ఊగుతుంది, సైలెన్సర్‌ రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది, మధ్యలో ఈ జాయింట్‌ కీలులా కదలాలి. అక్కడ నొక్కుడు బలం ఇచ్చేది స్ప్రింగు. బోల్టుకు మెట్టు ఉంటుంది, అది ఆనేదాకా బిగించి ఆపేయాలి. స్ప్రింగు తుప్పు పట్టిందని తీసి పారేసి, మామూలు బోల్టు వేసి బిర్రుగా బిగించిన కార్లు షెడ్లలో మామూలే. కొన్నాళ్లకు జాయింట్‌ బాగానే ఉంటుంది, దాని పక్కన పైపు వెల్డింగ్‌ పగులుతుంది. షెడ్డులో పనిచేసే అన్నల చేతి అంచనాను నేను తీసిపారేయను. కారులో సగం బోల్టులకు అది సరిపోతుంది. ఇలాంటి చోట్ల మాత్రం చేతికి తెలిసేది బిగువు ఒక్కటే, ఆ జాయింట్‌ ఎందుకు కదలాలో చేతికి తెలియదు.

సరే, కాస్త పొగ లీకైతే ఏమవుతుంది, చప్పుడొస్తుంది, అంతేగా? బీఎస్‌-4 కంటే ముందు కార్లలో చాలావరకు అంతే. ఇప్పుడు అలా కాదు. 2018 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 2020 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతా బీఎస్‌-6 వచ్చింది, బీఎస్‌-5ను పూర్తిగా దాటేశాం. డీజిల్‌ కార్లలో నైట్రోజన్‌ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి ఒక్కసారిగా 80కి దిగింది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి రెండో దశ మొదలైంది. అప్పటినుంచి ల్యాబ్‌లోనే కాదు, నిజమైన రోడ్డు మీద తిరిగేటప్పుడు వచ్చే పొగనూ కొలుస్తున్నారు. ఈ పరిమితుల్ని అందుకోవడానికి పెట్రోలు కార్లలో క్యాటలిటిక్‌ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్‌ సెన్సర్లు ఉంటాయి. ముందు సెన్సర్‌ చెప్పే మాట మీదే ఈసీయూ ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయిస్తుంది.

సెన్సర్‌కు ముందున్న జాయింట్‌ వదులైందనుకోండి. పొగ బయటికి పోవడం చిన్న సమస్య. పెద్ద సమస్య, బయటి గాలి లోపలికి రావడం. పొగ ఒకే ధారగా కాకుండా తరంగాలుగా వస్తుంది. రెండు తరంగాల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గే క్షణాలుంటాయి, అప్పుడు సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌ దాన్ని చూసి ‘ఆక్సిజన్‌ ఎక్కువుంది, పెట్రోలు తక్కువైంది’ అంటుంది. ఈసీయూ నమ్మి ఇంకా పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్‌ మీద భారం పెరుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్‌ లైటు వెలుగుతుంది. స్కానర్‌ పెడితే ‘మిశ్రమం లీన్‌’ అని కోడ్‌ వస్తుంది. చాలాచోట్ల జరిగేదేంటంటే సెన్సర్‌ మార్చేస్తారు. వేల రూపాయల సెన్సర్‌ మారుతుంది, కొత్త గ్యాస్కెట్‌ వేసి సరిగ్గా బిగించాల్సిన నట్టు మాత్రం అలాగే ఉంటుంది. కోడ్‌ను చదవడం స్కానర్‌ పని. కోడ్‌ ఎందుకు వచ్చిందో చెప్పడం డిగ్రీ చదివినవాడి పని. ఈ తేడాకే జీతం.

ముందు ముందు ఇది సడలదు, బిగుస్తుంది. యూరప్‌ 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనలు 2026 నవంబరు 29 నుంచి అక్కడ కొత్త కారు మోడళ్లకు వర్తిస్తాయి. కారు కొత్తగా ఉన్నప్పుడే కాదు, 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్ల దాకా పొగ అదుపులో ఉందా అన్నది లెక్కలోకి వస్తుంది. అంటే పొగ దారిలో ఉన్న జాయింట్లు కూడా అన్నాళ్లూ బిగువు వదలకూడదు. మన దగ్గర అమ్ముడవుతున్న కార్లలో ఇప్పటికీ ఎక్కువ భాగం పెట్రోలు, సీఎన్‌జీ, డీజిల్‌, హైబ్రిడ్‌లే. వీటన్నింటికీ సైలెన్సర్‌ ఉంది. ఈ రోజు షోరూం నుంచి బయటికొచ్చిన కారు మీరు టీమ్‌ లీడ్‌ అయ్యేనాటికి కూడా రోడ్డు మీదే ఉంటుంది.

ఉద్యోగాల సంగతికొస్తే, పెనుకొండలో 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా ప్లాంటు, దాని చుట్టూ వచ్చిన విడిభాగాల యూనిట్లు, శ్రీసిటీలో ఇసుజు, మల్లవల్లిలో అశోక్‌ లేలాండ్‌ బస్సుల యూనిట్‌, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు, ఇవన్నీ మన పక్కనే ఉన్నాయి. ఇలాంటి అసెంబ్లీ లైన్లలో ముఖ్యమైన బోల్టుల్ని బిగించేది సెన్సర్లున్న డీసీ టూల్స్‌. టార్క్‌తో పాటు ఎంత కోణం తిరిగిందో కూడా నమోదవుతుంది, ఏ కారులో ఏ బోల్టు అన్న లెక్కతో సహా. టార్క్‌ సరిగ్గా వచ్చి కోణం తక్కువైతే థ్రెడ్‌ పట్టేసిందని అనుమానం. కోణం ఎక్కువైతే బోల్టు సాగిపోయిందని అనుమానం. ఆ గ్రాఫ్‌ చూసి కారణం చెప్పగలిగేవాళ్లు ప్రాసెస్‌, క్వాలిటీ విభాగాలకు కావాలి. డేటా అనలిటిక్స్‌ నేర్చుకున్నవాళ్లూ, ఇది మీకు కూడా ఉద్యోగమే. కానీ కోణం అంటే ఏంటో తెలియకుండా ఆ డేటా అర్థం కాదు. హైదరాబాద్‌లోని హ్యుందాయ్‌, జడ్‌ఎఫ్‌ లాంటి ఇంజినీరింగ్‌ సెంటర్లలో సిమ్యులేషన్‌ పని చేయాలనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో బోల్టు ప్రీలోడ్‌ అని ఒక్క నంబరు కొట్టేస్తే సరిపోదు. ఆ నంబరు కనిష్ఠంగా ఎంత, గరిష్ఠంగా ఎంత అని రెండుసార్లు రన్‌ చేసేవాడే ఇంజినీర్‌.

రీకాల్‌ చట్టం కూడా ఈ అవసరాన్ని పెంచింది. 2019 మోటారు వాహనాల సవరణతో లోపమున్న వాహనాల్ని తప్పనిసరిగా వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం జరిమానా రూ.కోటి దాకా ఉండొచ్చు. రికార్డు లేని బోల్టు అంటే కంపెనీకి భయం మరి.

ఇక ఈవీలు. పొగ పోతుంది, కరెంటు వస్తుంది. బ్యాటరీ ప్యాక్‌లో సెల్‌ మాడ్యూళ్లను కలిపే బస్‌బార్లు కూడా బోల్టులతోనే బిగుస్తాయి. అక్కడ నొక్కుడు బలం తగ్గితే రెండు లోహాల మధ్య నిరోధం పెరుగుతుంది. 200 ఆంపియర్లు పారేచోట ఒక్క మిల్లీ ఓమ్‌ నిరోధం పెరిగినా 40 వాట్ల వేడి పుడుతుంది. అది ఒక సోల్డరింగ్‌ ఐరన్‌ వేడి, బ్యాటరీ సెల్‌ పక్కన. అక్కడా రాగి, అల్యూమినియం వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. అక్కడా థ్రెడ్‌ మీద నూనె ఉందా లేదా అన్నది లెక్కకొస్తుంది. పెనుకొండ ప్లాంటులో పెట్రోలు కార్లతో పాటు క్యారెన్స్‌ క్లావిస్‌ ఈవీ కూడా తయారవుతోంది. సైలెన్సర్‌ స్టడ్‌ దగ్గర రాపిడి, వ్యాకోచం, గ్యాస్కెట్‌ కుదురుకోవడం అర్థం చేసుకున్నవాడికి బస్‌బార్‌ బోల్టు కొత్త పాఠం కాదు.

కాలేజీ వర్క్‌షాపులో టార్క్‌ రెంచ్‌ ఉంటే ఈ వారమే బయటికి తీయండి. అది అద్దాల బీరువాలో ఉండి, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే, దగ్గర్లోని సర్వీస్‌ సెంటర్‌లో అడిగి చూడండి. ఒకే బోల్టును పొడిగా ఒకసారి, నూనె రాసి ఒకసారి ఒకే నంబరుకు బిగించి, ఎంత కోణం తిరిగిందో మార్కర్‌తో గీత గీసి చూసుకోండి. రెజ్యూమెలో ‘టీమ్‌ ప్లేయర్‌’ అన్న మాట తీసేసి దీని గురించి ఒక వాక్యం రాయొచ్చు. అక్కడే ఇంకో రెండు విషయాలు గమనించండి. రెంచ్‌ మీద క్యాలిబ్రేషన్‌ స్టిక్కర్‌ ఉందా? ఐఎస్‌ఓ 6789 ప్రకారం వేరే షెడ్యూలు పెట్టుకోకపోతే 12 నెలలు లేదా 5,000 సార్లు వాడాక, ఏది ముందైతే అప్పుడు మళ్లీ క్యాలిబ్రేట్‌ చేయించాలి. క్లిక్‌ రెంచ్‌ను పనయ్యాక కనిష్ఠ రీడింగుకు తిప్పి పెట్టారా? లేకపోతే లోపలి స్ప్రింగు నెమ్మదిగా బలం కోల్పోతుంది. ఇక ఇంటర్వ్యూలో ‘క్లిక్‌ అన్నాక గ్యారంటీ కోసం ఇంకోసారి లాగుతావా?’ అని అడిగితే, లాగనని చెప్పండి. ఎందుకని అడిగితే, రెండో క్లిక్‌ దాకా లాగేటప్పుడు బోల్టు ఇంకాస్త తిరిగి, పెట్టుకున్న టార్క్‌ దాటిపోయే ప్రమాదముందని చెప్పండి.