కృత్రిమ పితామహుడు

దక్షిణాఫ్రికాలో టౌంగ్ అను చోట సున్నపురాతి గనిలో దొరకిన పసిపుర్రెను గూర్చి రేమండ్ డార్టు పండితుడు ‘నేచర్’ పత్రికలో వ్యాసము ప్రకటించి 2025 ఫిబ్రవరి 7వ తేదీకి నూరేండ్లు నిండినవి. ఆ యేడే మన దేశమున, మధుర సమీపమునందలి కీళడి త్రవ్వకముల నివేదికను గూర్చి కేంద్ర పురావస్తుశాఖకును, ఆ త్రవ్వకములను నడిపిన అధికారికిని వివాదము పొడసూపినది. ఈ రెండు సంగతులకు సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము కలదు. పూర్వుల ప్రాచీనత్వమును నిర్ణయించు వ్యాజ్యములో వాదియు న్యాయమూర్తియు ఒక్కరే యైనప్పుడు సాక్ష్యమునకేమి గతి పట్టునో టౌంగ్ పుర్రె కథ తెలుపుచున్నది. ఆ కథ టౌంగ్‌లో గాక, అంతకు పండ్రెండేండ్లు ముందు ఇంగ్లండులో ప్రారంభమైనది.

ససెక్సు మండలమున పిల్ట్‌డౌన్ అను పల్లె దాపున కంకర గుంటలో తనకు పుర్రె పెంకులు దొరకినవని ఛార్లెస్ డాసన్ అను న్యాయవాది లండను మ్యూజియమునందలి స్మిత్ వుడ్‌వర్డు పండితునికి తెలిపెను. ఇద్దరును కలిసి త్రవ్వగా ఒక దవడ యెముకయు దొరకెను. 1912 డిసెంబరు 18వ తేదీన లండను భూగర్భశాస్త్ర సంఘమున వుడ్‌వర్డు వీనిని సభ్యుల యెదుట నుంచి, ఇవి లక్షల యేండ్లనాటి ఆదిమానవునివని ప్రకటించెను. పుర్రె నిండు మానవునిది, దవడ వానరునిది. రెండును ఒకే ప్రాణివని నమ్మి, ‘డాసను కనుగొనిన ఉషోమానవుడు’ అను నర్థము వచ్చునట్లు లాటిను పేరు పెట్టిరి. కొందరు ఆక్షేపింపగా, మరుసటి యేడు వారడిగిన కోరపన్ను సరిగా వారడిగిన రూపముననే దొరకెను. 1914లో ఏనుగు యెముకను చెక్కిన పనిముట్టొకటి దొరకెను. అది క్రికెట్టు బ్యాటువలె నుండెను! తొలి ఆంగ్లేయుని చేతికి బ్యాటు కూడ అమరినదని ఎవరును నవ్వలేదు. 1916లో డాసన్ మరణించెను. అటుపిమ్మట ఆ గుంటలో చెప్పుకోదగిన దేదియు దొరకలేదు. 1938లో అచ్చట స్మారకశిల నొకదానిని నాటి, ఆర్థర్ కీత్ పండితునిచే ఆవిష్కరింపజేసిరి.

ఇంత సులువుగా ఎట్లు నమ్మిరి? నమ్మవలెనను కోరిక ముందే యుండుటచేత. జర్మనీ దేశమునకు 1856లో నియాండర్తాల్ మానవుడు దొరకెను; 1907లో హైడెల్‌బర్గు దాపున మరియొక ప్రాచీనమైన దవడ దొరకెను. ఫ్రాన్సుకు 1868లోనే క్రోమాన్యన్ గుహవాసులు లభించిరి. జావాలో 1891లో డ్యుబోయి త్రవ్విన యెముకలు కూడ కలవు. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమునకు మాత్రము చెప్పుకొనుటకు ఒక తాతయైనను లేడు. పైగా నాటి పెద్ద పండితులలో పలువురకు మనుష్యుడు మొదట మెదడుచేతనే మనుష్యుడాయెనను సిద్ధాంతముండెను: తల ముందు పెరిగినది, తక్కిన దేహము దాని వెంట నడచినది. పిల్ట్‌డౌన్ పుర్రె ఈ రెండు కోరికలను ఒక్కసారిగా తీర్చినది. పెద్ద మెదడుగల మొదటి మనుష్యుడు, అందును ఇంగ్లండువాడు!

సంశయించినవారు లేకపోలేదు. లండనులోనే వాటర్‌స్టన్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1913లో దవడ వానరునిదే యనెను. అమెరికాలో మిల్లరు 1915లో ఆ మాటనే చెప్పెను. వారి మాట చెల్లలేదు. అసలు యెముకలు మ్యూజియములో భద్రముగా నుండెను. పరిశీలింప వచ్చినవారికి తరచు నకళ్ళనే చూపుచుండిరి. అసలు దస్తావేజు పెట్టెలో దాచి నకలు మాత్రమే చూపు కక్షిదారును మన జిల్లా మునసబు ఏమనునో పాఠకులెరుగుదురు.

ఇక టౌంగ్ సంగతి. 1924లో గని నుండి రాళ్ళ పెట్టెలు జోహానెస్‌బర్గు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుడైన డార్టునకు చేరెను. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, ముప్పదియేండ్లు దాటి ఒక్క యేడు. రాతిలో పొదిగియున్న ముఖమును అల్లిక సూదులతో వారముల తరబడి గీకి గీకి బయల్పరచెను. పాలపండ్లు ఊడని బిడ్డ ముఖమది. మూడు నాలుగేండ్ల వయస్సున మరణించినదని నేటి పండితులు చెప్పుచున్నారు. మెదడు చిన్నది, ఇంచుమించు వానరుని మెదడంత. కాని వెన్నుబాము పుర్రెలో ప్రవేశించు రంధ్రము వెనుకకు గాక క్రిందికి తిరిగియున్నది. అనగా ఆ ప్రాణి రెండు కాళ్ళపై నిలిచి నడచినది. కోరపండ్లు చిన్నవి. తల పెరుగుటకు ముందే మనుష్యుడు నిటారుగా నిలిచెనని, ఆ నిలుచుట ఆఫ్రికాలో జరిగెనని డార్టు వ్రాసి, ఆ ప్రాణికి ‘ఆఫ్రికా దక్షిణ వానరము’ అను నర్థము గల ఆస్ట్రలోపితెకస్ ఆఫ్రికానస్ అని నామకరణము చేసెను.

వ్యాసము వెలువడిన వారములోనే ‘నేచర్’ పత్రికలో నలుగురు పెద్దలు అభిప్రాయములు చెప్పిరి. వారు కీత్, ఎలియట్ స్మిత్, వుడ్‌వర్డు, డక్‌వర్తు. మొదటి ముగ్గురును పిల్ట్‌డౌన్ పుర్రెను చేతబట్టి మోసినవారే. ఇది పిల్లవానరపు పుర్రె, గొరిల్లాకును చింపాంజీకును చుట్టము, తొందరపడరాదు అని వారి తీర్పు. తొందరపడరాదనుట మంచి మాటయే; అది పిల్ట్‌డౌన్ నాడు ఎవరి నోటను రాలేదు. 1931లో డార్టు పుర్రెను లండనుకు కొనిపోయెను. అప్పటికి చైనాలో పీకింగ్ మానవుని యెముకలు దొరకి పండితులందరి చూపు అటు మరలియుండెను. ఆ ప్రయాణములోనే డార్టు భార్య పుర్రె పెట్టెను అద్దె బండిలో మరచి దిగెను. బండివాడు దానిని పోలీసుల కప్పగింపగా వారు మరల అప్పజెప్పిరి. మానవజాతి తొలి శైశవమునకు లండను పండితులకన్న ఆ బండివాడు ఎక్కువ మర్యాద చేసెనని మాకు తోచుచున్నది.

డార్టు చాలకాలము మిన్నకుండెను. ఆయన వాదమును నిలిపినవాడు రాబర్టు బ్రూమ్ అను వృద్ధవైద్యుడు. 1936 మొదలు స్టెర్క్‌ఫాంటేన్ గుహలలో ఆయన త్రవ్వగా పెద్దప్రాణుల పుర్రెలు బయల్పడెను. 1947లో ఇంచుమించు సంపూర్ణమైన పుర్రె దొరకెను. పిల్లవానరమను వాదము దానితో కూలిపోయెను. ఆ సంవత్సరమే కీత్, డార్టుదే నిజమనియు తనది పొరపాటనియు అదే పత్రికలో ఒప్పుకొనెను. ఎనుబదియేండ్ల వయస్సున అట్లు వ్రాయుట చిన్నపని కాదు. ఆ గౌరవము ఆయనకు దక్కవలసినదే.

పిల్ట్‌డౌన్ తీర్పు 1953 నవంబరులో వచ్చెను. భూమిలో పడియున్న యెముక నేలనీటినుండి ఫ్లోరీను అను పదార్థమును క్రమక్రమముగా పీల్చుకొనును. పాతదైన కొలది ఆ పదార్థము హెచ్చుగా నుండును. కెన్నెత్ ఓక్లే 1949లో ఈ కొలతపెట్టి చూడగా పుర్రె అనుకొన్నంత పాతది కాదని తేలెను. తరువాత ఓక్లే, లె గ్రోస్ క్లార్కు, జోసెఫ్ వీనర్ కలిసి పరీక్షింపగా గుట్టంతయు బయల్పడెను. దవడ ఒరాంగుటానుది. మనుష్యుని పండ్లవలె కనుపించుటకై దాని పండ్లను ఆకురాయితో రాచిరి. రాచిన గీతలు సూక్ష్మదర్శినిలో స్పష్టముగా నుండెను. యెముకలకు ఇనుపరంగు పట్టించి పాతవానిగా చేసిరి, కొత్త తాటియాకుకు పొగబెట్టి తాతలనాటి దానపత్రము తెచ్చినట్లు. పుర్రెభాగము కొన్ని వందల యేండ్లనాటి మనుష్యునిది మాత్రమే. 2016లో వంశసూత్ర పరీక్షలతో కూడిన పరిశోధన నొకదానిని ప్రకటించిరి: ఆ ఒరాంగుటాను బోర్నియో ద్వీపమునకు చెందినదనియు, పనితనమంతయు ఒకేరీతిగా నుండుటచేత డాసన్ ఒక్కడే చేసియుండుననియు అందు తేల్చిరి. నలుబది యేండ్లు ఆంగ్లేయుల ఆదిపురుషుడై పూజలందుకొన్నవాని దవడ తూర్పుదీవులనుండి వచ్చినది!

ఈ కథనుండి ఆంగ్లేయులు మోసగాండ్రని తీర్మానించి సంతోషించువారు కలరు. మేమట్లు సంతోషింపజాలము. కూటసాక్ష్యమును పట్టియిచ్చినవారును ఆ మ్యూజియములో, ఆ విశ్వవిద్యాలయములలో పనిచేసినవారే. వీనర్ దక్షిణాఫ్రికాలో పుట్టి, డార్టు బోధించిన విశ్వవిద్యాలయముననే చదివినవాడు. డార్టు కూడ అన్నిట నిర్దోషి కాడు. ఆ గుహలలోని విరిగిన యెముకలన్నియు మన పూర్వుల ఆయుధములని, వారు నరహంతకులని ఆయన తరువాత ఉద్ఘాటించెను. బ్రెయిన్ అను పరిశోధకుడు ఆ యెముకలపై పంటిగాట్లు చూచి అవి చిరుతపులులు, దుమ్ములగొండులు తిని విడిచినవని తేల్చెను. టౌంగ్ బిడ్డనే పెద్ద గ్రద్ద యెత్తుకొనిపోయి చంపియుండునని 1995లో పండితులు సూచించిరి. వేటాడినవాడనుకొన్న పూర్వుడు వేటకు చిక్కినవాడాయెను.

మన యింటి సంగతి చూతము. 2000 సంవత్సరమున ఇద్దరు రచయితలు సింధులిపిని చదివితిమని గ్రంథము ప్రకటించి, ఆ నాగరకతలో గుఱ్ఱముండెననుటకు ఒక ముద్రికా చిత్రమును సాక్ష్యముగా చూపిరి. వెనుకటి ఛాయాచిత్రములతో పోల్చి చూడగా అది విరిగిపోయిన ఒంటికొమ్ము ఎద్దు ముద్రిక యని ఆ యేడే విమర్శకులు నిరూపించిరి. పిల్ట్‌డౌన్ పేరు అప్పుడు మన దేశమున మరల వినబడెను. దేశాభిమానమునకు గుఱ్ఱము కావలసివచ్చెను, గుఱ్ఱము దొరకెను. నలుబది యేండ్లు పట్టలేదనుటయే మనకు మిగిలిన ఊరట.

కీళడి విషయమున మా అభిప్రాయము చెప్పెదము. 2014లో కేంద్రశాఖ మొదలిడిన త్రవ్వకములలో మొదటి రెండు విడతల నివేదిక 2023 జనవరిలో సమర్పింపబడినది. కాలనిర్ణయమునకు ఇంకను ఆధారములు కావలెనని, సవరించి తెమ్మని 2025లో శాఖవారు దానిని త్రిప్పిపంపిరి. సవరింపనని వ్రాసినవారు బదులు చెప్పిరి. ఒక పక్షమునకు అచ్చటి నాగరకత ఎంత పాతదైన అంత సంతోషము. వేరొక పక్షమునకు అది కొంత తగ్గిన సంతోషము. నేలపొరలకు ఈ రెండు సంతోషములతోను పనిలేదు. అందలి బొగ్గు ఏ పొరలో ఏ లోతున దొరకెను, ఎచ్చట పరీక్షింపబడెను, ఏ కాలము వచ్చెను అనునది యథాతథముగా అచ్చువేసి, శాఖవారి ఆక్షేపణలను ప్రక్కనే అచ్చువేసినచో చదువుకొన్నవారు తామే తేల్చుకొందురు. నివేదికను పెట్టెలో నుంచి దానిపై వాదించుట పిల్ట్‌డౌన్ పద్ధతి.

మన నేలకు అరువు తాతలతో పనిలేదు. 1863లో మదరాసు దాపున పల్లవరమున బ్రూస్ ఫుట్ అను ఆంగ్లోద్యోగి రాతిగొడ్డలిని గుర్తించెను. ఆయనయు సహచరుడును ఆ యేడే కనుగొనిన అత్తిరంపాక్కమున రాతిపనిముట్లు పదిహేను లక్షల యేండ్లనాటివని 2011లో పరిశోధకులు నేలపొరలను పరీక్షించి చూపిరి. మన కర్నూలు సీమలో, నేటి నంద్యాల జిల్లాయందు, జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. సుమారు 74,000 యేండ్లక్రిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతము బ్రద్దలై చిమ్మిన బూడిద అచ్చట నిలువెత్తుకు పైగా పేరుకొన్నది. ఆ బూడిదకు క్రిందను, పైనను మనుష్యులు చేసిన రాతిపనిముట్లు దొరకినవని 2007లో ప్రకటింపబడినది. వానిని చేసినవారు మన జాతి మానవులేయని కొందరందురు. ఆనాటి యెముకలు దొరకలేదు గనుక అట్లు చెప్పరాదని కొందరందురు. వాదము ఇంకను తీరలేదు. తీర్చవలసిన సాక్ష్యము ఆ పొరలలోనే యున్నది.

ఆ బూడిదను జనులు అమ్ముకొనుటకు త్రవ్విన గుంతలు ఆ లోయలో కలవు. త్రవ్విన గుంత అంచున పొరలు ఒకదానిపై నొకటి కనబడును. గుంత పెరిగినచో అవియు పోవును. ఆ భూముల యజమానులలో మా పాఠకులెవరైన నుండిన, తమ గుంతయొక్క ఒక గోడను కదల్పక నిలిపి, దాని కొలతలను వ్రాసి పురావస్తుశాఖకు జాబు పంపుదురని కోరుచున్నాము. శాఖవారు ఆ జాబునకు ప్రత్యుత్తరమియ్యకున్న మాకు వ్రాసిన, ఈ పుటలలోనే ప్రకటించెదము.