సరస్సుకు ప్రోగ్రెస్ కార్డు



మీకు జ్వరం వచ్చిందనుకోండి. మందు మింగిన మరుక్షణమే అమ్మ మిమ్మల్ని బడికి పంపుతుందా? పంపదు. పూటపూటకూ నుదురు తాకి చూస్తుంది. డాక్టరు గారు థర్మామీటరు పెట్టి, వేడి ఎంత ఉన్నదో కాగితం మీద రాసుకుంటారు. నిన్నటి అంకె పక్కన నేటి అంకె ఉంటేనే గదా, జబ్బు తగ్గుతున్నదో లేదో తెలిసేది!

సరస్సులకు కూడా జబ్బు చేస్తుంది. వాటికీ వైద్యం చేస్తారు. ఆ తరువాత కనిపెట్టి చూడకపోతే, వైద్యం ఫలించిందో లేదో ఎవరికీ తెలియదు. చిల్కా సరస్సు సంగతి వింటే ఇది మీకే బోధపడుతుంది.

విశాఖపట్నం నుంచి కోల్‌కతాకు రైల్లో పోయేవాళ్ళకు, బరంపురం దాటిన తరువాత కుడిచేతి వైపున సముద్రం లాంటి నీరు కనిపిస్తుంది. అదే ఒడిశాలోని చిల్కా. వానాకాలంలో దాని విస్తీర్ణం 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మహానది పాయలైన దయా, భార్గవి నదులు దానిలోకి మంచినీళ్ళు తెస్తాయి. సముద్రపు పోటు ఉప్పునీరు తెస్తుంది. ఈ రెండూ కలిసిన నీటిలో చేపలూ, రొయ్యలూ, పీతలూ పెరుగుతాయి. వాటి మీద ఆధారపడి వేలాది జాలరి కుటుంబాలు బతుకుతున్నాయి.

అయితే ఏళ్ళ తరబడి నదులు తెచ్చిన ఒండ్రు సరస్సులో పేరుకున్నది. సరస్సు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఇసుక మేటవేసి, ఆ మొగ దూరదూరంగా జరిగిపోయింది. పోటునీరు రావడం తగ్గింది. నీటిలో ఉప్పదనం తగ్గగానే, మంచినీటిలో పెరిగే కలుపు మొక్కలు సరస్సును కమ్ముకున్నాయి. సముద్రం నుంచి చేపపిల్లలు రావడం తగ్గిపోయి, జాలరుల వలలు తేలికైనాయి. చిల్కా 1981లోనే రాంసర్ ఒప్పందం కింద, ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికకు ఎక్కింది. అలాంటిది, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేరింది!

అప్పుడు నిపుణులు నమూనాలతో పరీక్షలు చేసి చూశారు. 2000 సెప్టెంబరు 23న ఇసుక దిబ్బకు గండి కొట్టి, సముద్రానికి కొత్త మొగ తెరిచారు. దానితో నీరు పోయే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. పోటునీరు మళ్ళీ లోపలికి వచ్చింది.

తవ్వకం అయిపోయింది గాని, పని అయిపోలేదు. శాస్త్రజ్ఞులు పడవల మీద పోయి, అవే చోట్ల మళ్ళీ మళ్ళీ నీరు తీసి, ఉప్పు ఎంత ఉన్నదో పరీక్షించారు. కలుపు ఎంత మేర వ్యాపించిందో ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో చూశారు. రేవుల్లో చేపలను తూచి లెక్క రాశారు. మొగ తెరవడానికి ముందు 1999–2000లో సుమారు 1,750 టన్నుల చేపలూ, రొయ్యలూ, పీతలూ పడితే, 2001–02లో దాదాపు 12,000 టన్నులు పడ్డాయి!

“ఇక ఉప్పు లెక్క ఎందుకు? చేపలు పెరిగాయి గదా!” అంటారేమో. ఎక్కువ వలలు వేసినా ఎక్కువ చేపలు పడవచ్చు. అందుచేత ఒక్క లెక్కను నమ్ముకోరాదు. చిల్కాలో ఉప్పదనం పెరిగింది, కలుపు వెనక్కు తగ్గింది, చేపలూ పెరిగాయి. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పారన్నమాట!

ఇంకొక చిక్కు ఉన్నది. వరదల కాలంలో చిల్కా నీరు చప్పబడుతుంది, వేసవిలో ఉప్పెక్కుతుంది. ఆగస్టు లెక్కను మే లెక్కతో పోలిస్తే పొరపాటు పడతాము. ఈ ఏటి మేని కిందటేటి మేతోనే పోల్చాలి.

2002లో చిల్కా పేరును ప్రమాదంలో ఉన్నవాటి పట్టిక నుంచి తీసేశారు. అయినా లెక్కలు మానలేదు. ఏటా జనవరిలో పక్షులను లెక్కపెడతారు; ఇటీవలి సంవత్సరాలలో అవి 10 లక్షలు దాటుతున్నాయి. ఇరవాడి డాల్ఫిన్లు 150 ప్రాంతంలో ఉన్నట్టు తేలింది. 2012లో సరస్సుకు, మీకు ఇచ్చినట్టే, ప్రోగ్రెస్ కార్డు కూడా ఇచ్చారు. దానికి వచ్చిన గ్రేడు “బి”. 2019 మే నెలలో ఫణి తుఫాను వచ్చి ఇసుక దిబ్బకు కొత్త గండ్లు పెట్టింది. పాత లెక్కలు ఉండబట్టే, ఆ తరువాత నీరు ఎలా మారుతున్నదో పోల్చి చూడడానికి వీలయింది.

మీరూ ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీ ఊరి చెరువుకు పోండి. రేవు మెట్లు ఎన్ని నీటి పైన కనిపిస్తున్నాయి? ఎన్ని కొంగలు వాలాయి? గుర్రపుడెక్క ఎంత మేర పరుచుకున్నది? చూసినది చూసినట్టు తేదీతో రాయండి. ఒక్క కొంగయినా కనిపించని రోజు “సున్న” అని రాయడం మరవకండి. అదీ లెక్కే.

ఎప్పుడైనా ఆ చెరువు పూడిక తీస్తే, “చెరువు బాగుపడిందా?” అని ఊరివాళ్ళు అడుగుతారు. అప్పుడు జవాబు మీ పుస్తకంలో ఉంటుంది.