హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది కదరా!

"ఆరు వేలు తగలేసి అహ్మదాబాద్ దాకా వెళ్ళావా? హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది కదరా!" అని నా రూమ్మేట్ ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. వాడితో నోటితో వాదించి గెలవలేను. అందుకే రాస్తున్నా.

2016 నవంబరులో కోల్డ్‌ప్లే ముంబై వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. వాళ్ళెవరో కూడా తెలీదు. ఇంటర్‌లో రాత్రిళ్ళు లెక్కలు చేసుకుంటూ వినడం మొదలుపెట్టా. ర్యాంకు రాదేమోనని నిద్రపట్టని రాత్రులన్నిట్లో తోడున్నవి ఆ పాటలే. అందుకే 'మ్యూజిక్ ఆఫ్ ద స్పియర్స్' టూర్ ఇండియాకి వస్తోందనగానే ఫిక్స్ అయిపోయా. ముంబై టికెట్ దొరకలేదు. అహ్మదాబాద్‌లో 2025 జనవరి 26 షోకి దొరికింది. సగం డబ్బు నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది, సగం అమ్మ ఇచ్చింది.

నిజం ఒప్పుకుంటా. నా సీట్లోంచి క్రిస్ మార్టిన్ అగ్గిపుల్లంత కనిపించాడు. మొహం చూడాలంటే పెద్ద స్క్రీనే దిక్కు. అదే టైంలో విజయవాడలో మా ఇంట్లో కూర్చుని చూస్తున్న అమ్మకి అతని చెమట కూడా కనిపించిందట! రిపబ్లిక్ డే అని అతను వందేమాతరం అందుకున్నప్పుడు "ఇది నాకూ వచ్చు" అని తనూ పాడిందట. చూడటమే లెక్కయితే నా రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్.

కానీ అక్కడ అందరి చేతికీ ఒక ఎల్ఈడీ బ్యాండ్ ఇస్తారు. అది మన మాట వినదు, బయటి నుంచి వచ్చే సిగ్నల్‌ని బట్టి వెలుగుతుంది. 'ఎల్లో' మొదలవగానే లక్షమందికి పైగా ఉన్న స్టేడియం పసుపురంగు అయిపోయింది. టీవీలో చూసేవాళ్ళకి అది డిస్‌ప్లే. నేను అందులో ఒక పిక్సెల్‌ని.

'ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్' పాట ఆపి, ఫోన్లు లోపల పెట్టేయమని అడగడం ఈ బ్యాండ్‌కి అలవాటు. నేనూ పెట్టేశా. పక్కన ఒక గుజరాతీ అంకుల్. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. ఇద్దరం కలిసి ఎగిరాం. ఆ పాటకి నా దగ్గర వీడియో లేదు. బాగా గుర్తున్నది మాత్రం అదే.

అప్పు చేసి కాన్సర్ట్‌లకి వెళ్ళమని ఎవరికీ చెప్పను. లైవ్ స్ట్రీమ్ తక్కువదని కూడా అనను, అది లేకపోతే అమ్మకి ఆ రాత్రి ఉండేది కాదు. కానీ రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. హెడ్‌ఫోన్స్‌లో నా ఒక్కడిదే అనుకున్న పాటని అంతమంది గొంతెత్తి పాడుతుంటే, "వీళ్ళందరికీ ఇలాంటి రాత్రులు ఉన్నాయా?" అనిపించింది. నేను ఆరు వేలు పెట్టింది దానికి.

బ్యాండ్ తిరిగి ఇచ్చేసి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశా.

"టీవీలో నీకోసం వెతుకుతూనే ఉన్నా. ఎక్కడా కనపడలేదేంట్రా?"

"అంతా పసుపురంగు అయింది చూశావుగా అమ్మా, అందులోనే ఉన్నా."